రాయిలో ఉండే యురేనియం, నీటిలోకి దిగే యురేనియం

పెబ్బేరు నుంచి తూర్పుగా బయల్దేరి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కేదాకా రాళ్లను చూస్తూ పోండి. అచ్చంపేట వరకూ ఒకటే తీరు. గుండు మీద గుండు, ఎండకు కాలే పరుపుబండలు, బోరు బండి పనిచేస్తే బూడిదరంగు పొడి చిమ్మే గ్రానైటు, నైసు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఘాటెక్కాక రాయి మారిపోతుంది. పొరలు పొరలుగా పరుచుకుని గట్టిపడిన ఇసుకరాయి, అంటే క్వార్ట్జైటు, నల్లమల నెత్తిన పలకలా కనిపిస్తుంది. పైనున్న ఈ రాయి, కిందనున్న ఆ గ్రానైటు కలిసే అతుకు దగ్గరే నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాలలో యురేనియం దొరికింది. అదే అతుకు అమ్రాబాద్ కిందా ఉంది కాబట్టే అణుఖనిజాల వాళ్ల చూపు అటు తిరిగింది.

2019లో ఏం జరిగిందో పాలమూరు జనానికి చెప్పాల్సిన పనిలేదు. ఆ మేలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటల (గూడేల) నుంచి సినిమావాళ్ల దాకా ‘సేవ్ నల్లమల’ అన్నారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ నాలుగైదు నెలల్లో విన్న ఉపన్యాసాల్లో ఎక్కువ భాగం రేడియేషన్ చుట్టూనే తిరిగాయి. యురేనియం పేరు చెబితే హిరోషిమా గుర్తుకురావడం సహజమే. కానీ యురేనియం-238 సగానికి తరగాలంటే 447 కోట్ల ఏళ్లు పడుతుంది. అంత నిదానంగా విచ్ఛిన్నమయ్యే మూలకం గ్రాముకు వదిలే రేడియేషన్ కొంచెమే. (ఖనిజంలో దానితో పాటే ఉండే రేడియం, రేడాన్‌ల సంగతి వేరు. వాటిని తేలిగ్గా తీసుకోకూడదు.) తాగే నీటిలో కలిసిన యురేనియం ముందుగా దెబ్బతీసేది కిడ్నీలను, అదీ సీసం, కాడ్మియం లాంటి భారలోహాల తరహాలో, రసాయనంగా. అసలది నీళ్లలో కలుస్తుందా, రాయిలోనే ఉండిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు రేడియేషన్‌ను కొలిచే మీటరులో దొరకదు. యురేనియం తన చుట్టూ ఎవరిని, ఏ కోణంలో పట్టుకుంటుందో చూస్తే దొరుకుతుంది.

యురేనియం పరమాణు సంఖ్య 92. బంధాలకు పనికొచ్చే ఎలక్ట్రాన్లు ఆరు. ప్రకృతిలో అది రెండు స్థితుల్లో ఎక్కువగా కనిపిస్తుంది: నాలుగు ఎలక్ట్రాన్లు పోయినది, ఆరూ పోయినది. నాలుగు పోయిన యురేనియం ఆక్సిజన్‌తో కలిసి పిచ్‌బ్లెండ్ అనే నల్లని ఖనిజమవుతుంది. అందులో ఒక్కో యురేనియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్‌లు ఘనం మూలల్లో సర్దుకుంటాయి. ఈ అల్లిక అన్ని దిక్కులా సాగిపోతుంది, విడి అణువు అంటూ ఉండదు. అందుకే అది నీటికి లొంగదు. శుద్ధ యురేనియం డయాక్సైడ్ కరగాలంటే 2800 డిగ్రీలు దాటాలి. అదే యురేనియానికి ఆక్సిజన్ తగిలి మిగతా రెండు ఎలక్ట్రాన్లూ పోయాయంటే మనిషే మారిపోయినట్టు అవుతుంది. ఎనిమిదింటితో సమానంగా ఉన్న చుట్టరికం పోయి, రెండు ఆక్సిజన్‌లను మాత్రం గట్టిగా దగ్గరికి లాక్కుంటుంది. ఆ మూడు పరమాణువుల గుంపే యురేనిల్ అయాను.

దాని ఆకారం మన కావడి లాంటిది. మధ్యలో మోసే యురేనియం, రెండు కొసలకు రెండు ఆక్సిజన్‌లు, మూడూ ఒకే గీత మీద. కోణం 180 డిగ్రీలు. యురేనియానికీ ఒక్కో ఆక్సిజన్‌కూ మధ్య దూరం సుమారు 1.8 ఆంగ్‌స్ట్రాములు. యురేనియం లాంటి బరువైన పరమాణువుకు ఇది చాలా తక్కువ దూరం. పుస్తకాల్లో ద్విబంధంగా గీస్తారు గానీ, లెక్కగడితే ఒక సిగ్మా, రెండు పై కలిసి దాదాపు త్రిబంధమే. ఎంత గట్టిదంటే, 1961లో గోర్డన్, టౌబీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆమ్ల ద్రావణంలో ఈ కొస ఆక్సిజన్‌లు నీటిలోని ఆక్సిజన్‌తో స్థానం మార్చుకోవడానికి ఎంత కాలం పడుతుందో కొలవబోతే, సగం మారడానికే ఏళ్లు పట్టేలా తేలింది. ఇదే అయాను నడుము చుట్టూ అంటుకున్న నీటి అణువులు మాత్రం సెకనుకు లక్షలసార్లు వచ్చిపోతుంటాయి. కొసల్లో కదలని కాపురం, నడుము దగ్గర సంత.

ఇంటర్ చదివిన పిల్లలు ఇక్కడ ఒక మాట అనొచ్చు. ఇందులో వింతేముంది, ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు లేని కేంద్ర పరమాణువుకు రెండు బంధాలుంటే అవి ఎదురెదురుగా సర్దుకుంటాయని వీఎస్ఈపీఆర్ సిద్ధాంతమే చెబుతుంది కదా, కార్బన్ డయాక్సైడ్‌లాగే ఇదీ, అని. జవాబు సరిపోయింది, కారణం మాత్రం సరిపోలేదు. యురేనిల్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో వాయుస్థితిలోని థోరియం డయాక్సైడ్ అణువులోనూ అన్నే ఉన్నాయి. కేంద్రం యురేనియానికి రెండు గళ్లు పక్కనున్న థోరియం, కొసల్లో అవే రెండు ఆక్సిజన్‌లు. సిద్ధాంతం ప్రకారం అదీ నిటారుగా ఉండాలి. ఉండదు. సుమారు 120 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. మాలిబ్డినం లాంటి పరివర్తన లోహాలూ అంతే. రెండు ఆక్సిజన్‌లను గట్టిగా పట్టుకోవాల్సి వస్తే వాటిని పక్కపక్కన పెట్టుకుంటాయి తప్ప ఎదురెదురుగా పెట్టవు.

మాలిబ్డినం ఎందుకలా చేస్తుందో చెప్పడం తేలిక. దాని దగ్గర బంధాలకు పనికొచ్చే ఖాళీ డి-ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లు నిలిచే చోట్లు, ఉన్నాయి. ఆక్సిజన్‌లు ఎదురెదురుగా నిలబడితే రెండూ అవే ఆర్బిటాళ్ల మీద చేయి వేయాల్సి వస్తుంది. పక్కపక్కన ఉంటే ఎవరి ఆర్బిటాళ్లు వాళ్లకు దొరుకుతాయి. థోరియం కథా ఇదే. దాని 5ఎఫ్ ఆర్బిటాళ్లు శక్తిలో పైకెక్కి కూర్చున్నాయి, ఆక్సిజన్‌కు అందవు. కాబట్టి అదీ 6డి ఆర్బిటాళ్లనే నమ్ముకుని వంగుతుంది.

యురేనియం దగ్గరికి వచ్చేసరికి 5ఎఫ్ శక్తి దిగుతుంది, అందుబాటులోకి వస్తుంది. డి-ఆర్బిటాల్‌ను కేంద్రం గుండా తిప్పి చూస్తే అటువైపు గుర్తూ ఇటువైపు గుర్తూ ఒకటే. ఎఫ్-ఆర్బిటాల్‌కు ఒకవైపు ధనం, ఎదురువైపు రుణం. రెండు ఆక్సిజన్‌ల ఎలక్ట్రాన్ మేఘాలూ ఎదురెదురుగా నిలబడితే కలిసే తీరులూ ఈ రెండే. ఒకే గుర్తుతో కలిసిన జతకు 6డి తోడు దొరుకుతుంది, ఎదురు గుర్తులతో కలిసిన జతకు 5ఎఫ్ తోడు దొరుకుతుంది. పోటీ అనేదే లేదు. కనుక సరళరేఖే లాభం.

కథ అక్కడితో ఆగలేదు. 1980లో కజుయుకి తత్సుమి, రోల్డ్ హాఫ్‌మన్ మాలిబ్డినం వంపునూ యురేనిల్ నిటారునూ పక్కపక్కన పెట్టి లెక్కలు వేశారు. యురేనియంలో నిండిపోయి లోపల పడుకున్నట్టుండే 6పి ఎలక్ట్రాన్లు నిజానికి పడుకోలేదని వాళ్లు చూపించారు. ఆక్సిజన్ అంత దగ్గరికి వచ్చేసరికి అవి దానికి తగులుతాయి, 5ఎఫ్‌తో కలగాపులగమవుతాయి. దాంతో సిగ్మా ఆర్బిటాల్‌ను కింద నుంచి పైకి నెట్టినట్టయి, ఎఫ్-ఆర్బిటాల్ ఆక్సిజన్ వైపు మరింత సాగుతుంది. ఒక కొసన ఆక్సిజన్ గట్టిగా బిగిస్తే మామూలు లోహంలో ఎదుటి కొసనున్న బంధం సడలుతుంది. ఇక్కడ అది ఇంకా బిగుస్తుంది. రసాయన శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన తలకిందుల వ్యవహారం ఇదే.

ఇంకా లోతుకు పోతే ఐన్‌స్టీన్ తగులుతాడు. కేంద్రకంలో 92 ప్రోటాన్ల ఆకర్షణను తట్టుకుని తిరగాలంటే లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ కాంతి వేగంలో దాదాపు మూడింట రెండొంతుల వేగం అందుకోవాలి. ఆ వేగంలో అది బరువెక్కుతుంది, కక్ష్య కుంచించుకుపోతుంది. లోపలివాళ్లు అలా కేంద్రకాన్ని కప్పేయడంతో బయటున్న 5ఎఫ్, 6డి ఎలక్ట్రాన్లకు ఆకర్షణ తగ్గి అవి ఉబ్బుతాయి. నియోడిమియం లాంటి లాంథనైడ్లలో 4ఎఫ్ ఎలక్ట్రాన్లు లోపలే ముడుచుకుని బంధాల జోలికి దాదాపు రావు. యురేనియంలో 5ఎఫ్ బయటికొచ్చి కలుస్తుంది. ఆవర్తన పట్టికలో ఒకదాని కింద ఒకటి రాసిన ఈ రెండు వరసలకూ అసలు తేడా అదే. 1968లో కాలిఫోర్నియాలో స్ట్రైట్‌వైజర్, ముల్లర్-వెస్టర్‌హాఫ్ రెండు ఎనిమిది కార్బన్ల వలయాల నడుమ యురేనియాన్ని ఇరికించి యురనోసీన్ తయారుచేసినప్పుడు వెతికిందీ ఈ ఎఫ్-ఆర్బిటాళ్ల చేతివాటం కోసమే.

సరే, మళ్లీ నేల మీదికి వద్దాం. పాలమూరులో ఏ ఊళ్లోనైనా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని గార చూసే ఉంటారు. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేటు, కాల్షియం వేడికి కలిసి కాల్షియం కార్బొనేటుగా దిగిన పొర అది. గ్రానైటు నేలల్లో, వాన తక్కువ పడి ఎండ ఎక్కువ కాసేచోట భూగర్భజలంలో ఈ బైకార్బొనేటు దండిగా చేరుతుంది. యురేనిల్ నడుముకు అన్నిటికన్నా బాగా కుదిరే పట్టీ ఈ కార్బొనేటే.

మామూలు నీటిలో యురేనిల్ నడుము చుట్టూ ఐదు నీటి అణువులు వలయంగా నిలబడతాయి. కొసల్లోని ఆక్సిజన్‌లతో కలిపి చూస్తే అది పంచకోణ ద్విపిరమిడ్. కార్బొనేటు దొరికితే నీళ్లను తోసేసి మూడు కార్బొనేట్లు వచ్చి కూర్చుంటాయి. ఒక్కొక్కటి రెండేసి ఆక్సిజన్‌లతో పట్టుకుంటుంది. మూడు రెళ్లు ఆరు, షట్కోణం పూర్తయింది. కార్బొనేటులోని రెండు ఆక్సిజన్‌ల మధ్య దూరం తక్కువ కాబట్టే ఆరూ ఇరుకు లేకుండా ఒకే తలంలో ఇముడుతాయి. మొత్తం మీద నాలుగు రుణావేశాలు. నీళ్లలో కాల్షియం కూడా ఉంటే రెండు కాల్షియం అయాన్లు పక్కన చేరి ఆవేశం సున్నా అవుతుంది. ఆవేశం లేని ఈ గుంపును మట్టి రేణువులు, ఇనుప ఆక్సైడ్లు పట్టి ఉంచలేవు. అది నీటితో పాటే కదిలిపోతుంది.

దీనికి ఎదురు సాక్ష్యం థోరియమే. మామూలు గ్రానైటులో టన్నుకు నాలుగు గ్రాముల వరకు యురేనియం ఉంటే, థోరియం దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైటులో దండిగా ఉన్నదీ థోరియమే. అయినా బోరు నీళ్లలో థోరియం దాదాపు కనిపించదు. దానికి నాలుగు ఎలక్ట్రాన్లు పోయిన స్థితి ఒక్కటే గతి. కావడిగా మారే యోగం లేదు, కార్బొనేటును చుట్టుకుని ప్రయాణం కట్టే దారీ దాదాపు లేదు. కోట్ల ఏళ్లుగా రాయి అరిగి ఇసుకై సముద్రం చేరినా అది గింజలోనే ఉండిపోతుంది.

నల్లమల అంచున ఖనిజం ఎలా పోగుపడిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. గాలి సోకిన నీరు గ్రానైటు పగుళ్లలోకి దిగింది. అక్కడక్కడా చెదిరి ఉన్న యురేనియం యురేనిల్‌గా మారి కదిలింది. అతుకు దగ్గర ఆక్సిజన్ అయిపోయి, గంధకంతో కలిసిన ఇనుము లాంటి క్షయకరణ పదార్థాలు ఎదురుపడేసరికి పోయిన రెండు ఎలక్ట్రాన్లు తిరిగొచ్చాయి. నిటారు కావడి విడిపోయి ఎనిమిది మూలల ఘనం కట్టుకుని పిచ్‌బ్లెండ్‌గా అక్కడే ఆగిపోయింది. అమ్రాబాద్, పదర వైపు అన్వేషణ బోర్లు వేస్తే తాగునీరు చెడుతుందా అని జనం అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. ఆక్సిజన్ అందకుండా కూర్చున్న చోటికి ఎంత గాలి, ఎంత నీరు దిగుతుంది, ఆ నీటిలో బైకార్బొనేటు ఎంత, బోరును అడుగు నుంచీ సిమెంటుతో మూస్తారా లేదా: జవాబులు ఈ లెక్కల్లో ఉండాలి. రెండు వైపులా ఈ లెక్కలు అడిగినవాళ్లు తక్కువ.

ఇదే రసాయనాన్ని మనిషి కావాలని నడిపిస్తే అది కడప జిల్లా తుమ్మలపల్లె కర్మాగారం. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లెలో ఆ పప్పులు ఉడకవు. అక్కడి ఖనిజం డోలమైటు కలిసిన సున్నపురాయిలో ఉంది, పోసిన ఆమ్లమంతా ఆ రాయే తాగేస్తుంది. అందుకే 2012 నుంచి అక్కడ వేడి, పీడనం, ఆక్సిజన్‌ల నడుమ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంతో ఉడికిస్తున్నారు. మన బోరులో నిదానంగా జరిగేదే అక్కడ గంటల్లో జరుగుతుంది. మూడు కార్బొనేట్ల షట్కోణంగా యురేనిల్ బయటికొస్తుంది. తర్వాత కాస్టిక్ సోడా కలిపితే పసుపుపచ్చని సోడియం డైయురనేటుగా దిగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు వ్యర్థాల చెరువు గురించి ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ చెరువు అడుగు ఎంత పకడ్బందీగా ఉందన్నది మామూలు గనుల కన్నా అక్కడ ఎక్కువ ముఖ్యం కావడానికి కారణం కార్బొనేటు నీటిలో యురేనిల్‌కు ఉన్న ఈ చలాకీతనమే.

కడప నుంచి రోడ్డు మీద హైదరాబాదుకు వచ్చేవాళ్లు కర్నూలు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటి, పెబ్బేరు మీదుగానే పోతారు. ఆ దారి చివర మౌలాలి వైపున్న అణు ఇంధన సముదాయం 1971లో మొదలైంది. తుమ్మలపల్లె పసుపు ముద్ద చేరేది అక్కడికే. అక్కడ దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి కిరోసిన్ లాంటి నూనెలో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటుతో కడుగుతారు. నీటికీ నూనెకీ పడదు, అయినా యురేనియం నూనెలోకి ఎక్కుతుంది. ఎలాగంటే, నడుము దగ్గర ఈసారి రెండు నైట్రేట్లు రెండేసి ఆక్సిజన్‌లతో, రెండు ఫాస్ఫేట్లు ఒక్కొక్క దానితో పట్టుకుంటాయి. మళ్లీ షట్కోణమే, ఆవేశం సున్నా, బయటి అంచంతా నూనెకు నచ్చే బ్యూటైల్ తోకలు. ఇనుము, బోరాన్, అరుదైన మృత్తికల మాలిన్యాలకు ఈ సదుపాయం లేదు, చాలావరకు నీటిలోనే మిగిలిపోతాయి. రియాక్టరుకు కావాల్సిన శుద్ధి అక్కడే వస్తుంది. తర్వాత అమోనియాతో దించి, కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరిస్తే తిరిగి నల్లని యురేనియం డయాక్సైడ్, ఎనిమిది మూలల ఘనం. బిళ్లలుగా నొక్కి, సుమారు 1700 డిగ్రీల వేడిలో గట్టిపరిచి జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో పేరుస్తారు. నల్లమల అతుకు దగ్గర ప్రకృతి చేసిన ప్రయాణమే ఇది కూడా: రాయి, కావడి, మళ్లీ రాయి.

యురేనిల్‌కు ఇంకో గుణం ఉంది. అతినీలలోహిత కాంతి పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. కొసల్లోని ఆక్సిజన్ నుంచి యురేనియం ఖాళీ ఎఫ్-ఆర్బిటాల్‌లోకి ఎలక్ట్రాన్ ఒక గెంతు వేసి తిరిగొచ్చేటప్పుడు వదిలే వెలుగది. ఆ మెరుపును వర్ణపటంలో విడదీస్తే ఒకే పట్టీగా ఉండదు, సమాన ఎడంతో నాలుగైదు శిఖరాలుగా వస్తుంది. ఆ ఎడం కావడి రెండు కొసలూ ఒకేసారి సాగి ముడుచుకునే కంపనానిది. 1896లో పారిస్‌లో హెన్రీ బెకెరెల్ నల్ల కాగితం చుట్టిన ఫొటో పలక మీద పొటాషియం యురేనిల్ సల్ఫేటు పెట్టడానికి కారణం అది బాగా మెరుస్తుందనే. మెరిసేవి ఎక్స్ కిరణాలు కూడా వదులుతాయేమోనని ఆయన అనుమానం. మబ్బు పట్టి ఎండ రాకపోయినా పలక మీద మచ్చ పడింది, రేడియోధార్మికత బయటపడింది. రేడియోధార్మికతకూ ఆ మెరుపుకూ సంబంధమే లేదు. ఆకారం చేసిన మెరుపు కేంద్రకం గుట్టు దగ్గరికి దారి చూపింది, అంతే.

ఆ మెరుపే ఇవాళ నీళ్ల పరీక్షకు ఆధారం. ప్రయోగశాలలో బోరు నీటి నమూనాను ఫ్లోరిమీటరులో పెట్టి లేజర్ లేదా ఎల్ఈడీ కాంతి కొట్టి ఆకుపచ్చ వెలుగెంతో కొలుస్తారు. ముందుగా ఆ నీటిలో కొన్ని చుక్కల సోడియం పైరోఫాస్ఫేటు కలుపుతారు. నడుము చుట్టూ నీరూ కార్బొనేటూ ఉంటే అవి గెంతిన ఎలక్ట్రాన్ శక్తిని మింగేసి మెరుపును ఆర్పేస్తాయి. ఫాస్ఫేటు వాటిని తప్పించి తాను కూర్చుంటే మెరుపు నిలుస్తుంది, లీటరుకు ఒక మైక్రోగ్రాము కన్నా తక్కువున్నా పట్టుబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి రేడియేషన్ లెక్కన 60 అంది. కిడ్నీని దృష్టిలో పెట్టుకుంటే మొదటి అంకెనే పట్టించుకోవాలని నా అభిప్రాయం.

గ్రానైటు మీద బతికే ఊళ్లన్నీ ఫ్లోరైడుకు చేయించినట్టే దీనికీ పరీక్ష చేయించుకోవడం మంచిది. పక్కపక్క బోర్లలోనే అంకెలు చాలా తేడాగా వస్తాయి కాబట్టి ఊరికో నమూనా చాలదు. ఎక్కువ వస్తే కాచి చల్లార్చి తాగితే సరిపోతుందనుకోవద్దు. కాస్తే నీరు ఆవిరై పోతుంది, యురేనిల్ పోదు. ఆర్వో ఫిల్టరులో మాత్రం మూడు కార్బొనేట్లు కట్టుకున్న ఆ పెద్ద గుంపు పొర రంధ్రాలను దాటలేక చాలావరకు ఆగిపోతుంది. అలా ఆగినది ఫిల్టరు పక్క గొట్టంలోంచి బయటికి వదిలే ఉప్పు నీటితో పాటు పోతుంది. ఊరి నీళ్ల ప్లాంటు ఆ గొట్టాన్ని తీసుకెళ్లి బోరు పక్కనే ఉన్న ఇంకుడు గుంతలో పెట్టిందంటే, వడపోసిన యురేనియం అంతా చిక్కబడి అదే బోరు వైపు మళ్లీ దిగుతుంది.